ఆషాఢంల ఒక పాత సీడీ, మా బ్యాండు షాపుల పంచాయితీ

ఆషాఢం వచ్చిందంటె మా బ్యాండు షాపుకు తాళం పడదు గని పడ్డట్టే. పెండ్లిళ్ళు ఉండయి, బారాత్‌లు ఉండయి. ఎర్రకోట్లు ఉతికించి దండెం మీద ఆరేస్తం. పోరగాండ్లు ట్రంపెట్లకు బ్రాసో రాసి తోముతరు. నేను సైడ్ డ్రమ్ము కింది తీగెలు బిగించుకుంట కూసుంట. 22 ఏండ్ల సంది పాలమూరు చుట్టుపక్కల పెండ్లిళ్ళల్ల ఆ డ్రమ్మే మెడకేసుకోని తిరుగుతున్న. ఇది ముందే ఎందుకు చెప్తున్ననంటె, సంగీతం చదువుకున్నోని రివ్యూ అనుకోని మీరు చదివి, తర్వాత నన్ను తిట్టొద్దు.

సీడీ తెచ్చింది మా అక్క కొడుకు. హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతున్నడు. ఆబిడ్స్‌ల ఆదివారం రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరుస్తరు కద, ఆడ ఒక కుప్పల దొరికిందట. 150 రూపాయలు. డబ్బా మూత పగిలింది, లోపలి కాయితం మీద ఎవలదో చాయ్ మరక. సీడీకి మాత్రం ఒక్క గీత లేదు. పేరు ‘దీజ్ ఆర్ ద విస్టాస్’. వాయించింది ‘ద బ్యాడ్ ప్లస్’ అని అమెరికా జాజ్ (వరస పట్టుకోని అప్పటికప్పుడు అల్లుకుంట వాయించే సంగీతం) వాయించే ముగ్గురు: పియానో ఈథన్ ఐవర్సన్, బేస్ రీడ్ ఆండర్సన్, డ్రమ్స్ డేవ్ కింగ్. 2003ల కొలంబియా కంపెనీ తెచ్చింది. పాడేటోడు లేడు, గిటార్ లేదు.

మావోడు కొన్నది అండ్ల ఉన్న ఒక్క పాట కోసం, ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’. అసలుది నిర్వాణ అనే రాక్ బ్యాండు పాట, 1991 సెప్టెంబర్‌ల వచ్చిన ‘నెవర్‌మైండ్’ ఆల్బంల మొదటిది. పాడుకుంట గిటార్ వాయించింది కర్ట్ కొబేన్. ఆ బ్యాండు పేరు మీరు వినకపోయినా బొమ్మ చూసే ఉంటరు: నల్ల టీ షర్టు మీద పసుపు గీతల గుండ్రటి మొఖం, కండ్ల కాడ ఇంటు గుర్తులు, నాలుక బైటికి. మా దగ్గర బండ్ల మీద 200కు ఒకటి అమ్ముతరు. వేసుకున్నోళ్ళల్ల చానామందికి అది ఒక బ్యాండు గుర్తని తెల్వదు. మావోనికి తెల్సు. పాట మొత్తం నోటికొస్తది, గిటార్ మీద కూడ వాయిస్తడు. వానికి కోపమొచ్చింది కూడ అందుకే.

ఆ పాటకు పేరెట్ల వచ్చిందో వాడు మా ఆవిడకు వివరంగ చెప్పిండు. కొబేన్ స్నేహితురాలు క్యాథ్లీన్ హానా ఒకరోజు గోడ మీద ‘కర్ట్ దగ్గర టీన్ స్పిరిట్ వాసనొస్తుంది’ అని రాసిందట. టీన్ స్పిరిట్ అంటె ఆడపిల్లలు చంకలకు రాసుకునే డియోడరెంట్. ఆ సంగతి తెల్వని కొబేన్ అదేదో విప్లవం మాట అనుకున్నడట. మా ఆవిడ అంతా విని, “అయితె సెంటు డబ్బా పాటనా?” అన్నది. వాడు రెండు నిమిషాలు మాట్లాడలే.

మొదలు అదే పాటను ఫోన్‌ల ఎతికి పెట్టుకోని విన్నం, అదే తప్పయింది. ఫోన్ స్పీకర్‌ల బేస్ వినపడదు. ముగ్గురు వాయిస్తుంటె ఇద్దరే వినపడ్తరు, ఆ ఇద్దరు కూడ కొట్లాడుకుంటున్నట్టే ఉంటది. షాపు ముందర, ఇల్లు వెనక, పైన కిరాయిదార్లు. మా ఆవిడ వంటింట్లకెల్లి “పైనోళ్ళు బీరువా జరుపుతున్నరా ఏంది?” అని అడిగింది. తెల్లారి పాత డీవీడీ ప్లేయర్ దుమ్ము దులిపి, బారాత్ బండి యాంప్లిఫయర్‌కు కలిపి, ఒక్క కాలమ్ బాక్సు పెట్టినం. అప్పుడు నేల దొరికింది. ఈ సీడీ కొనేటోళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ఫోన్‌ల వినకుండ్రి. కనీసం మంచి ఇయర్‌ఫోన్లన్న పెట్టుకోండ్రి.

ఈ ముగ్గురు వాయించిన ‘టీన్ స్పిరిట్’ ఆరు నిమిషాలకు అటూ ఇటూ ఉంటది. అయిపోంగనే మావోడు లేచిండు.

“మామా, పాటను ముక్కలు ముక్కలు కోసిండ్రు. ఆ అరుపు యాడ? ఆ కోపం యాడ?”

వాని వాదన వట్టి పిల్లచేష్ట కాదు. అసలు పాట చాన సాఫ్‌గ ఉంటది. చరణంల గిటార్ రెండే స్వరాలు, నల్లాల నీళ్ళు చుక్క చుక్క పడ్డట్టు. ఉన్నట్టుండి బ్యాండు మొత్తం మీద పడ్తది. మల్ల చుక్కలు, మల్ల మీద పడుడు. ఆఖరికి కొబేన్ గిటార్ సోలోల కూడ కొత్త సంగతులు వెయ్యడు, పాడిన వరసనే మల్ల వాయిస్తడు. “అంత తక్కువతోని అంత చేసిండు మామా. దాన్ని తీస్కపోయి పియానో మీద ఇన్ని వంకర్లు తిప్పుతరా?”

మా మాస్టర్‌కు నిర్వాణ ఎవలో తెల్వదు. క్లారినెట్ ఆయన. నొటేషన్ రాదు, అంతా చెవి విద్య. కండ్లు మూసుకోని విన్నడు, “ఇండ్ల పల్లవి ఏది బిడ్డా?” అని అడిగిండు. మావోడు పాడి వినిపించిండు. “మల్లొక్కసారి పెట్టు.” రెండోసారి సగంలనే వేళ్ళు తొడ మీద ఆడినయి. “నాలుగు మెట్లే ఉన్నయి కదరా. ఆ నాలుగే తిరుగుతున్నయి.” మావోడు ఒప్పుకున్నడు, నాలుగే కార్డ్‌లు (కలిసి మోగే స్వరాల గుంపులు): ఎఫ్, బీ ఫ్లాట్, ఏ ఫ్లాట్, డీ ఫ్లాట్. “మరి ఇంకేం, మెట్లు కదలకుంట పైన ఎంత ఆడినా నాకు తకరారు లేదు” అని మాస్టర్ బీడీ ముట్టించిండు. ఆయన ఓటు అటు పడ్డది.

చర్చిల కీబోర్డు వాయించే మా దోస్తు మూడోరోజు వచ్చిండు. పాలమూరుల పియానో సంగతి అడగాలంటె నాకు తెల్సినోడు ఆయనొక్కడే. కుడిచెయ్యి కొబేన్ పాడిన వరస పట్టుకుంటదని, నడుమ పక్కపక్క కీలు ఒక్కసారి నొక్కి ఆ కరకర కావాలనే పుట్టిస్తున్నడని విప్పి చెప్పిండు. జాజ్‌ల ఇది కొత్త కాదట. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 1959ల రంగస్థలం మీదికొస్తె, అండ్ల ‘మై ఫేవరిట్ థింగ్స్’ను జాన్ కోల్ట్రేన్ 1960లనే సాక్సాఫోన్ మీద రికార్డు చేసిండు, 13 నిమిషాలకు పైగ. ఇన్ని చెప్పి మల్ల ఆయనే అన్నడు: “అన్నా, కోల్ట్రేన్ అది పాట మీద ప్రేమతోని చేసిండు. వీళ్ళు ప్రేమతోని చేసిండ్రా, ఎగతాళికి చేసిండ్రా? నాకు తేలుతలేదు.”

అసలు ఇరుకు అక్కడ్నే ఉన్నది. సీడీ వచ్చినప్పుడు అమెరికాల కూడ ఇదే పంచాయితీ. జాజ్ విమర్శకులల్ల కొందరు ఎత్తుకోని మోసిండ్రు, కొందరు జనాల చెవులు తిప్పుకునే గిమ్మిక్కు అని తీసిపారేసిండ్రు.

నేనైతె పాట కంటె మావోని మొఖం ఎక్కువ చూసిన. తిట్టుకుంటనే విన్నడు గని, పియానో ఆ వరస ఎత్తుకున్నప్పుడల్ల వాని పెదవులు కదిలినయి. శబ్దం లేకుంట మాటలు పలుకుతున్నడు. వానికే తెల్వదు. మా బ్యాండోళ్ళకు పరీక్ష అదొక్కటే. మేము వాయించేది మాటల్లేని పాట. ట్రంపెట్ ఊదుతుంటె ముందర నడిచే ఆడోళ్ళ నోట్ల మాట మెదలాలె. మెదిలితె పాట బతికున్నట్టు. లేకపోతె ఎంత శ్రుతిల వాయించినా వట్టి గాలే. ఎగతాళి చేసేటోనికి వరస మీద అంత పట్టు ఎందుకుంటది? నా లెక్కల అది ప్రేమనే, కొంచెం మొరటు ప్రేమ.

మూడేండ్ల కింద జడ్చర్ల దిక్కు ఒక పెండ్లి. అప్పగింతల టైముకు మాస్టర్ ఒక డ్యాన్స్ పాటను పట్టుకోని, సగానికి సగం నెమ్మది చేసి, క్లారినెట్ మీద ఊదిండు. నన్ను డ్రమ్ము ఆపమని చేత్తోని సైగ చేసిండు. పొద్దటి సంది అదే పాటకు ఎగిరిన పెండ్లికొడుకు దోస్తులు “ఏందిది, సావు మ్యూజిక్కా?” అని మీదికొచ్చిండ్రు. బక్షీస్ కూడ ఇయ్యలే. పెండ్లిపిల్ల నాయనమ్మ మాత్రం ఏడ్చుకుంట వచ్చి మాస్టర్ జేబుల 500 నోటు పెట్టి పోయింది. ఒక్కటే పాట, ఒక్కటే ఊదుడు. ఇంటికొచ్చేదాంక బండిల మేము కూడ కొట్లాడినం. నేను ఆ రోజు పోరగాండ్ల దిక్కే ఉన్న, ఆ బక్షీస్ నాకు కావాల్నుండె.

ఇగ నాకు తెల్సిన ముచ్చటకొస్త, డ్రమ్ము. నిర్వాణల డ్రమ్ము కొట్టింది డేవ్ గ్రోల్. ఆ దెబ్బలు బండమీద సుత్తె లెక్క. డేవ్ కింగ్ ఆ బరువు ఇడిసిపెట్టలే, గని లెక్కను పక్కకు జరుపుతడు. దెబ్బ పడాల్సిన కాడ పడదు, అరెరె అనుకునే లోపల వెనక నుంచొచ్చి పడ్తది. తీన్‌మార్ కొట్టే చేతికి అది మింగుడు పడదు. తీన్‌మార్‌ల మనం జరిపితె ఎగిరేటోడు కాలు మడతపడి పడిపోతడు. అయినా కింగ్ జారిపోడు, మల్ల సరిగ్గ జాగల దిగుతడు. ఆ దిగుడు కోసం నేను అదే ముక్క పదిసార్లు వెనకకు తిప్పి విన్న. రికార్డింగ్ కూడ డ్రమ్ముకు న్యాయం చేసింది. చాడ్ బ్లేక్ అని రాక్ రికార్డులు చేసే మనిషి చేసిండట. నేను విన్న కొద్ది జాజ్‌ల డ్రమ్ము పక్కగదిల ఉన్నట్టుంటది, ఇండ్ల మొఖం మీదికే వస్తది.

మావోడు “అసలుది స్వచ్ఛం మామా, దాన్ని ముట్టొద్దు” అన్నప్పుడు నేను ఒక్కటే అన్న. గ్రోల్ తన నోటితోనే చెప్పిండు, ఆ ఆల్బంల తన డ్రమ్ము పట్టు గ్యాప్ బ్యాండ్, కామియో లాంటి డిస్కో, ఫంక్ బ్యాండ్ల నుంచి ఎత్తుకున్నదే అని. అంటె మీ కోపం పాట కింద డ్యాన్స్ దెబ్బ నడుస్తున్నది. నీ స్వచ్ఛం యాడున్నదిరా అల్లుడా? వాడు ఫోన్‌ల ఎతికిండు. దొరికినట్టే ఉన్నది, మాట మార్చిండు.

మార్చుకుంట ఇంకోటి పెట్టిండు, నవ్విద్దామని. పాల్ ఆంకా అనే పాతతరం గాయకుడు 2005ల ‘రాక్ స్వింగ్స్’ అని ఆల్బం చేసి, అండ్ల ఇదే పాటను ట్రంపెట్లు, సాక్సాఫోన్ల పెద్ద బ్యాండుతోని పాడిండు. మాస్టర్ లేచి కూసున్నడు. “ఇది కదరా వాయిద్యమంటె!” నాకు మాత్రం అది సూటు బూటు వేసుకోని సావుకొచ్చినట్టు అనిపించింది. మా వాయిద్యాలే, మా ఊదుడే, అయినా ఆ పాటల ఉన్న కడుపుమంట ఒక్క చుక్క లేదు. ఆ ఒక్క ముచ్చటల నేను, మావోడు ఒక పార్టీ.

తప్పులు లేవా అంటె ఉన్నయి. నడుమ పియానో ఒక దశల వరస పూర్తిగ ఇడిసిపెట్టి పోతడు. కీబోర్డు దోస్తు అదే అసలు మజా అంటడు గని, అక్కడ మావోని పెదవులు ఆగిపోయినయి, నా మనసు కూడ దండెం మీది కోట్ల దిక్కు పోయింది. ముగ్గురి బలం చూపిచ్చుడు కొంచెం ఎక్కువైంది. పాత పాట తెల్వనోళ్ళకు ఆ భాగం పది నిమిషాల లెక్క ఉంటది.

మిగిలిన వాటిల్ల బ్లాండీ బ్యాండు పాట ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’ను కూడ ఇట్లనే తిప్పి వేసిండ్రు, నాకు పెద్దగ ఎక్కలే. ‘ఫ్లిమ్’ మాత్రం వినాలె. అది ఏఫెక్స్ ట్విన్ అనే ఆయన మిషన్ల మీద చేసిన పాట. ఆ సన్నటి గడబిడ దెబ్బలను కింగ్ రెండు చేతులతోని కొడ్తడు. పెండ్లిళ్ళల్ల ఇప్పుడు డీజే బాక్సులు మా కడుపు మీద కొడ్తున్నయి. మిషన్ చేసింది మనిషి చెయ్యి గుంజుకోని కొడ్తుంటె విన్నప్పుడు, నాకైతె ఎవలో నా తరఫున బాకీ వసూలు చేసినట్టనిపించింది. సొంత పాటలు కూడ చానా ఉన్నయి, ఇంక ఓపికతోని వినాలె.

మార్కులు వెయ్యాలంటె టీన్ స్పిరిట్‌కు 5ల మూడున్నర, డ్రమ్ముకు 5కు 5. మావోడు ఒకటిన్నర ఇచ్చిండు. 150కి అయితె కళ్ళు మూసుకోని కొనుక్కోండ్రి, మూత పగిలినా సరే.

మావోడు సోమవారం పొద్దుగాల బస్సుకు పోయిండు, సీడీ ప్లేయర్‌లనే ఇడిసిపెట్టి. మర్చిపోయిన అంటడు. ఆ పగటీలి మాస్టర్ క్లారినెట్ తీసి ఆ నాలుగు మెట్లు పట్టుకున్నడు. నేను డ్రమ్ము మెడకేసుకున్న. రెండో చుట్టు తిరగక ముందే పై కిరాయిదారు మెట్ల మీద నుంచి వంగి చూసిండు.

“ఆషాఢంల ఎవని పెండ్లి అన్నా?”