సూది కొస ఎండని మధ్యాహ్నాలు: రిటార్డర్‌తో మూడు ఎండాకాలాలు

మే నెలలో నల్లగొండ ఎండకు, రేకుల షెడ్డు కింద కూర్చుని, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టినవారికి ఈ బాధ తెలుసు. మట్టి వినాయకుడి చెంపకు గులాబీ ఛాయ దిద్దుతుంటాం. ధార సన్నబడుతుంది, ఉన్నట్టుండి చుక్కలు చిమ్ముతుంది, ఆగిపోతుంది. బ్రష్ లోపలి సూది బయటికి తీస్తే కొసన ఎండిన రంగు పేరుకుని ఉంటుంది. తుడిచి బిగిస్తే పది నిమిషాలకు మళ్లీ అంతే. నాది 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికి వచ్చే రంధ్రం), దానికి నలుసంత రంగు అడ్డుపడినా చాలు.

మొదట్లో నీళ్లు ఎక్కువ కలిపి చూశాను. రంగు కారింది. ఆరాక వేలితో రుద్దితే పొడిలా రాలింది, ఎందుకంటే రంగును పట్టి ఉంచే బైండర్ మరీ పలచబడింది. తర్వాత స్పిరిట్ కలిపాను. అది నీళ్లకంటే త్వరగా ఆవిరవుతుంది కనుక సూది ఇంకా త్వరగా ఎండింది.

అక్రిలిక్ రిటార్డర్, అంటే రంగు త్వరగా ఆరకుండా చేసే ద్రవం, కలిపిన మొదటి మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇరవై చుక్కల రంగు, పది చుక్కల బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్), మూడు చుక్కల రిటార్డర్. కప్పు గోడ మీద పాలలా జారేదాకా కలిపి, గాలి ఒత్తిడి 20 పీఎస్ఐ దగ్గర పెట్టి మొదలుపెట్టాను. భోజనం చేసి కూర్చున్నవాణ్ని నాలుగు గంటల టీ వచ్చేసరికి పదకొండు ముఖాలు పూర్తిచేశాను, సూది తుడిచింది రెండేసార్లు. నమ్మలేక మధ్యలో ఒకసారి ఊరికే సూది తీసి చూశాను. కొస తడిగా మెరుస్తోంది. ఆ సంతోషానికి ఆ సీసా ఖరీదు నాకు లెక్కలోకి రాలేదు.

బ్యాటరీ నీళ్లు ఎందుకంటే, మా బోరు నీళ్లు ఆరితే గిన్నె అంచున తెల్లటి చారలు మిగులుతాయి. అవి నాజిల్‌లోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఆ ఏడాది పక్క షెడ్డు అన్నతో "నాలుగు చుక్కలైనా వేసుకోండి అన్నా, భయం లేదు" అన్నాను. మరుసటి ఆగస్టులో ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ముసురు పట్టింది, గాలి నిండా తేమ. నేను వేసవి కొలతే వేశాను. రాత్రి వార్తాపత్రికల్లో చుట్టిపెట్టిన తొమ్మిది విగ్రహాలను పొద్దున విప్పితే కాగితం తొండాలకు అంటుకుని వచ్చింది, అక్షరాలు అద్దినట్టు దిగాయి. రంగు పైకి ఆరినట్టే ఉన్నా లోపల జిగట తగ్గలేదు. చవితికి మూడు రోజులుంది. గీకి, మళ్లీ వేసి, రెండు రాత్రులు నిద్ర లేకుండా ఇచ్చాను. ఇప్పుడు వానాకాలంలో ఒక చుక్క, లేదా అదీ లేదు. వేసవిలో కూడా కూలర్ పక్కనే కూర్చుంటే రెండు చుక్కలతో సరిపెడతాను.

ఇంకొకటి, బంగారు రంగుకు ఇది పనిచేయదు. అందులో అడ్డుపడేది ఎండిన రంగు కాదు, మెరుపు రేణువులు. దానికి నైలాన్ మేజోడులో వడకట్టుకోవడం, 0.5 నాజిల్ మార్చుకోవడమే నాకు కుదిరింది.

నీళ్లలో కలిసే అక్రిలిక్‌తో, సన్నని నాజిల్‌తో, నాలా పొడి ఎండలో పనిచేసేవారైతే ఒక చిన్న సీసా కొని చూడమంటాను. ఏసీ గదిలో చిన్న బొమ్మలకు రంగులు వేసేవారికి ఇంత అవసరం పడుతుందో లేదో, నా షెడ్డులో కూర్చుని చెప్పలేను. నా సీసా మాత్రం మార్చిలో కిందికి దిగుతుంది, తొలకరి పడగానే మళ్లీ అటకెక్కుతుంది.