షేప్‌ఫైల్‌ని ఆటోక్యాడ్‌లోకి తేవడం: మ్యాప్‌ఇంపోర్ట్‌ని ఏళ్ల తరబడి వాడాక

జీఐఎస్ మ్యాప్ డేటా ఉండే షేప్‌ఫైల్‌ని ఆటోక్యాడ్ డ్రాయింగ్‌లోకి తెచ్చే మ్యాప్‌ఇంపోర్ట్ కమాండ్ నమ్మకస్తుడైన కూలీ లాంటిది. ఎత్తమన్నది ఎత్తి, చెప్పిన చోట పడేస్తుంది. చెప్పిన చోటు తప్పయితే మాత్రం నోరు మెదపదు. లేఅవుట్ గీసేవాళ్లకు, రోడ్డు, పైప్‌లైన్ పనులు చేసేవాళ్లకు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఓకే నొక్కకముందే మొదలవుతాయి.

ఇది ఆటోక్యాడ్ మ్యాప్ 3డీలో ఉంటుంది. 2019 వెర్షన్ నుంచి మామూలు ఆటోక్యాడ్ సబ్‌స్క్రిప్షన్‌లోనే మ్యాప్ 3డీ టూల్‌సెట్‌గా దొరుకుతోంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సివిల్ 3డీలోనూ ఉంది. ఆటోక్యాడ్ ఎల్‌టీలో లేదు, అది వాడేవాళ్లకు క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ దారే గతి.

ముందు ఫైళ్లు చూసుకోవాలి. షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ (పేర్లు, నంబర్ల పట్టిక) మూడూ ఒకే పేరుతో ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. నాలుగోది పీఆర్‌జే. వాట్సాప్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపి "ఓపెన్ చెయ్యండి సార్" అనేవాళ్లకు కొదవ లేదు. పీఆర్‌జే లేకపోతే ఫైల్లోని అంకెలు ఏ కోఆర్డినేట్ సిస్టమ్‌వో (అంకెలు భూమి మీద ఏ చోటో చెప్పే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పాత టోపోషీట్ల నుంచి గీసిన ఎవరెస్ట్ డేటమ్ (పాత సర్వేల కొలత ఆధారం) డేటాని డబ్ల్యూజీఎస్84 (జీపీఎస్ వాడే ఆధారం) అనుకుని తెస్తే హైదరాబాద్ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. ఊరు ఊరంతా కలిసికట్టుగా జరుగుతుంది కాబట్టి ఉపగ్రహ చిత్రం మీద వేసి చూసేదాకా అనుమానం కూడా రాదు.

డ్రాయింగ్ తెరవగానే యూనిట్లు మీటర్లకు మార్చాలి, ఇన్స్‌యూనిట్స్ విలువ 6. తర్వాత మ్యాప్‌సీఎస్‌అసైన్‌తో హైదరాబాద్ ప్రాంతానికైతే యూటీఎం84-44ఎన్ కేటాయించాలి (యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి, 44 అందులో జోన్ నంబరు). ఆ తర్వాతే మ్యాప్‌ఇంపోర్ట్. డైలాగ్‌లో ఇన్‌పుట్ కోఆర్డినేట్ సిస్టమ్ గడిలో ఫైలుది ఏదో అది ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి దింపిన రోడ్లయితే అది ఎల్ఎల్84, అంటే డబ్ల్యూజీఎస్84 అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు. డ్రాయింగ్‌కు సిస్టమ్ ఇవ్వకుండా దిగుమతి చేస్తే మార్పిడి జరగదు, డిగ్రీలే మీటర్లుగా వచ్చి పడతాయి. ఒక వార్డు మొత్తం 0.02 యూనిట్ల వెడల్పులో చుక్కలా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని 1,11,000తో స్కేల్ చేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా 110 కిలోమీటర్ల పైచిలుకు, తూర్పు పడమరలుగా 106 మాత్రమే. చదరపు ప్లాటు కాస్తా దీర్ఘచతురస్రం అవుతుంది. దిగుమతి అయ్యాక సిస్టమ్ కేటాయించినా లాభం లేదు. అది పేరు తగిలిస్తుందే తప్ప గీతల్ని కదపదు.

సరిగ్గా పడిందో లేదో అరనిమిషంలో తేలుతుంది. ఐడీ కమాండ్‌తో తెలిసిన చోట క్లిక్ చేయండి. జోన్ 44లో చార్మినార్ దగ్గర ఈస్టింగ్ (తూర్పు కొలత) సుమారు 2,31,600, నార్తింగ్ (ఉత్తర కొలత) సుమారు 19,21,300 రావాలి. ఈస్టింగ్ 8,69,000 దాకా కనిపిస్తే జోన్ 43లో కూర్చున్నట్టు. మన దగ్గర ఇదొక తలనొప్పి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉన్న అనంతపురం, జహీరాబాద్ జోన్ 43లోకి వెళ్తాయి. ఆ చివర ఇచ్ఛాపురం 84 దాటి 45లో ఉంటుంది. జోన్ హద్దు మీదుగా సాగే ప్రాజెక్టుకు మొత్తానికీ ఒకే జోన్ ఖాయం చేసుకోవడం మేలు.

అంకెలు సరిపోయాక కూడా టేపుతో కొలిచిన దూరం తేడా వస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, యూటీఎం స్వభావం. జోన్ 44 మధ్యరేఖ 81 డిగ్రీలు, అక్కడ స్కేల్ 0.9996. విజయవాడ ఆ రేఖకు దగ్గర కాబట్టి నేల మీది కిలోమీటరు డ్రాయింగ్‌లో 40 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది. హైదరాబాద్ దూరంగా ఉంది కాబట్టి, ఊరి ఎత్తు కూడా లెక్కేస్తే, దాదాపు అంతే పెరుగుతుంది. ప్లాటుకు ఇది లెక్కలోకి రాదు, పది కిలోమీటర్ల పైప్‌లైన్‌కు నాలుగు మీటర్లు. హైదరాబాద్‌లో గ్రిడ్ ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ ముప్పావు డిగ్రీ తేడా కూడా ఉంటుంది. వాస్తు సిద్ధాంతిగారు దాన్ని పట్టించుకోకపోవచ్చు గానీ, కిలోమీటరు గీతకు అది 13 మీటర్లు.

బిల్డింగ్ ప్లాన్ మిల్లీమీటర్లలో ఉందని మ్యాప్‌ని వెయ్యితో పెంచకండి. నార్తింగ్ 192 కోట్లు అవుతుంది, హ్యాచ్‌లు చెడిపోతాయి, జూమ్ చేస్తే గీతలు వణుకుతాయి. ప్లాన్‌నే 0.001 స్కేల్‌తో ఎక్స్‌రెఫ్‌గా (బయటి ఫైలుకు లింకుగా) మీటర్ల డ్రాయింగ్‌లోకి తేవాలి.

ఇక డైలాగ్‌లో మిగిలిన గడులు. డేటా గడి ఖాళీగా వదిలేస్తే గీతలే వస్తాయి, సర్వే నంబర్లు రావు. అక్కడ ఆబ్జెక్ట్ డేటా ఎంచుకుంటే ప్రతి పాలిగాన్ వివరాలూ ప్రాపర్టీస్ ప్యాలెట్‌లో కనిపిస్తాయి. దీన్ని క్యూజీఐఎస్ నుంచి వచ్చే డీఎక్స్‌ఎఫ్ (ఆటోక్యాడ్ చదివే డ్రాయింగ్ ఫైలు) ఇవ్వలేదు. మ్యాప్‌ఇంపోర్ట్‌ని వదలకపోవడానికి ఇదొక్కటే చాలు. లేయర్ గడిలో ఒక కాలమ్ ఎంచుకుంటే దాని విలువల ప్రకారం లేయర్లు విడిపోతాయి. రోడ్ల ఫైల్లో రోడ్డు రకం ఉండే ఎఫ్‌క్లాస్ కాలమ్ ఇస్తే హైవేలు, వీధులు వాటంతటవే వేరవుతాయి. "పాలిగాన్లను క్లోజ్డ్ పాలీలైన్లుగా తెమ్ము" అనే టిక్కు పెట్టడం మర్చిపోతే ఎంపాలిగాన్లు (మధ్యలో ఖాళీలున్నా ఒకే వస్తువుగా ఉండే పాలిగాన్లు) వస్తాయి, పాలీలైన్లు దిద్దే పీఎడిట్ కమాండ్‌కు లొంగవు. అయితే మధ్యలో చెరువు వదిలేసిన పాలిగాన్ విస్తీర్ణం సరిగ్గా కావాలంటే ఎంపాలిగానే మంచిది.

తెలుగు పేర్ల దగ్గర మాత్రం మార్కులు ఇవ్వలేం. విండోస్‌లో తెలుగుకు సొంత ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ (పాత పద్ధతి అక్షరాల పట్టిక) లేదు, యూనికోడే గతి. యూటీఎఫ్-8లో సేవ్ చేసిన డీబీఎఫ్‌లోని ఊరి పేర్లు ఆబ్జెక్ట్ డేటాలో పిచ్చి గుర్తులై తేలతాయి. దీనికి తోడు డీబీఎఫ్ వెడల్పుని బైట్లలో లెక్కపెడుతుంది, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. "శ్రీకాకుళం"లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కిస్తే పది, అంటే 30 బైట్లు. కాలమ్ వెడల్పు 20 పెడితే "శ్రీకా" దగ్గరే తెగిపోతుంది. కాలమ్ పేరుకైతే పదే బైట్లు, మూడు గుర్తులు దాటవు. అందుకే డీబీఎఫ్‌లో ఊరి కోడ్ మాత్రం ఉంచి, తెలుగు పేరు వేరే పట్టికలో పెట్టుకోవాలి. ఆ పట్టికను ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు సర్వే నంబర్ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే 12/3 కాస్తా మార్చి 12 అయి కూర్చుంటుంది.

గీతలే చాలనుకుంటే క్యూజీఐఎస్‌లో ప్రాజెక్టుని డీఎక్స్‌ఎఫ్‌గా ఎగుమతి చేయడం హాయి. సీఆర్ఎస్ (కోఆర్డినేట్ సిస్టమ్) దగ్గర జోన్ 44 కోడ్ అయిన ఈపీఎస్‌జీ 32644 ఇవ్వాలి. లేయర్ మీద రైట్‌క్లిక్ చేసి డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసే దారి వేరు. అందులో లేయర్ పేర్లు గల్లంతవుతాయి.

కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఏ దారిలో వచ్చినా ఓసారి జెడ్ విలువ చూడండి. ఎత్తు డీబీఎఫ్ కాలమ్‌లో ఉంటే సరిపోదు, 2డీ షేప్‌ఫైల్ అయితే అన్నీ సున్నా మీదే పడతాయి. క్యూజీఐఎస్‌లో "సెట్ జెడ్ వాల్యూ"కు ఆ కాలమ్ ఇచ్చి, ఎగుమతి చేసేటప్పుడు "ఫోర్స్ 2డీ" టిక్కు తీసేయాలి.