బియ్యానికి పురుగు: ఆముదమా, ఫ్రీజరా, బిగుతు మూతా?

వానలు మొదలయ్యాక అందరూ నన్ను అడిగేది ఇదొక్కటే: "26 కిలోల బస్తా తెచ్చాం, నెల తిరక్కుండానే పురుగు పట్టింది. ఏం చేయాలి?" మా ఇంట్లోనూ ఈమధ్యే పద్ధతి మార్చాం కాబట్టి చెబుతున్నా.

పురుగు ఎక్కడినుంచో వచ్చి డబ్బాలో దూరిందనుకుంటాం. చాలాసార్లు అది బస్తాతోపాటే వస్తుంది. ముక్కు పురుగు గింజకు బెజ్జం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల పురుగు గింజలోనే తిని పెరిగి, ఇంచుమించు నెలకు బయటపడుతుంది. "శుభ్రంగా జల్లించే పోశానండీ" అన్నవాళ్ళకూ తర్వాత పురుగులు కనబడేది ఇందుకే.

వేపాకు, ఎండుమిర్చి వాసనకు పురుగులు కొంత దూరంగా ఉంటాయేమో గానీ, గింజలో ఉన్నదాన్ని అవేమీ చేయలేవు. పచ్చి వేపాకు అసలు వద్దు, తేమ చేరుతుంది. ఎండబెట్టడం పప్పులకు బాగానే ఉంటుంది. బియ్యం మాత్రం గట్టి ఎండకు పగిలి నూకవుతుంది.

ఆముదం కందులు, పెసలు లాంటి గుండు గింజలకు మంచిది. కిలోకు ఒక చెంచా పట్టించి కలిపితే పుచ్చు పురుగు పెట్టే గుడ్లు బతకవు. బద్దలకు ఆ పురుగు బెడద ఎలాగూ తక్కువే. బియ్యానికి పట్టిస్తే కడగలేక చావాలి. బోరిక్ పౌడర్ చాలామంది కలుపుతారు, నేను కలపను. గోదాముల్లో పెట్టే గుళికలైతే ఇంటి గడపే తొక్కకూడదు, వాటినుంచి వచ్చే విషవాయువు మనుషుల ప్రాణం తీస్తుంది.

ఇక మిగిలినవి రెండు. ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది, అందులో అనుమానం లేదు. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా ప్యాకెట్ విప్పకండి, చెమ్మ పడుతుంది. కానీ మన ఫ్రీజర్‌లో 26 కిలోలు ఎక్కడ పడతాయి? రవ్వ, శనగపిండి, కిలో పప్పుల వరకే అది.

బస్తా బియ్యానికి నా ఓటు గాలి చొరని డబ్బాకే. లోపలి పురుగులే ఉన్న ప్రాణవాయువు వాడేసుకుని, అది చాలక చస్తాయి. రైతుల కోసం వచ్చిన పిక్స్ సంచులు పనిచేసేదీ ఇలాగే: లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన నేసిన ప్లాస్టిక్ గోతం. అయితే ఇంట్లో అసలు కిటుకు మూత ఎంత బిగుతు అన్నదొక్కటే కాదు, దాన్ని ఎన్నిసార్లు తీస్తామన్నది. పెద్ద డ్రమ్ములో పోసి రోజూ పూటకోసారి తీస్తే పురుగులకు మనమే గాలి అందిస్తున్నట్టు. సగం ఖాళీ డబ్బా అయినా అంతే.

అందుకే మేం అయిదు లీటర్ల క్యాన్లు కడిగి, బాగా ఆరబెట్టి, అంచు దాకా కుదించి నింపాం. ఒక్కోదాంట్లో నాలుగు కిలోలు పట్టాయి. ఆరు క్యాన్లు, మిగిలింది రోజువారీ డబ్బాలోకి. ఒకటి అయిపోయాకే ఇంకోటి విప్పుతాం. గింజ కొరికితే టక్కున విరగాలి. మెత్తగా ఉంటే ముందు నీడలో ఆరబెట్టండి, లేకపోతే పురుగు బదులు బూజు పడుతుంది.

మూడో క్యాన్‌లో చచ్చిన పురుగులు నాలుగైదు కనబడ్డాయి, చేట పడితే పోయాయి. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ ప్రతి క్యాన్‌లో రెండు ఎండుమిరపకాయలు వేస్తుంది. నేనేమీ అనలేదు.