తొమ్మిదేళ్లు తొడిగిన వెల్టు బూట్లు: పులి వాతా, నక్క వాతా?

కొన్న మొదటి వారంలోనే మడమ మీద ఎర్రటి వాత తేలింది. ఆ వాతను ఇంగ్లీషులో వెల్టు అంటారు. బూట్ల డబ్బా మీద కూడా అదే మాట ఉంది: గుడ్‌ఇయర్ వెల్టు. ముందే హెచ్చరించి మరీ అమ్మారన్నమాట!

నిఘంటువు తిరగేస్తే తెలిసింది, ఈ మాట మొదట చర్మకారులదేనట. 15వ శతాబ్దం నాటికే బూటు అంచున కుట్టే తోలు పట్టీకి ఆ పేరుంది. ఒంటి మీద ఉబ్బిన చార అన్న అర్థం 1800 ప్రాంతంలో గానీ కనిపించదు. తెలుగులో దీనికి ఒకే మాట సరిపోదు. బెత్తం దెబ్బకు తేలేది వాత. ఒళ్లు దురద పెట్టి లేచేవి దద్దుర్లు. ఇవి సాధారణంగా ఒక్కొక్కటీ ఒక రోజులోపే అణిగిపోతాయి. నా మడమ మీది వాత మాత్రం మూడు వారాలు పట్టింది, తోలు మెత్తబడేదాకా.

బూటు వెల్టు చేసే పని చిన్నదేమీ కాదు. పైతోలును, లోపలి అట్ట కింది గట్టును, ఈ పట్టీని కలిపి ఒక కుట్టు వేస్తారు. అడుగు అట్టను ఆ పట్టీకి వేరే కుట్టుతో కలుపుతారు. అడుగు అరిగితే ఆ రెండో కుట్టు విప్పి కొత్త అట్ట వేయవచ్చు, పైతోలును కదిలించనక్కర లేదు. అడుగు కుట్టు లోపలికి చొచ్చుకురాదు కాబట్టి తడి కూడా అంత తొందరగా ఎక్కదు. వానలో ఎంతసేపు నడిచినా ఏమీ కాదని మాత్రం నమ్మకండి, నేను నమ్మి మేజోళ్లు పిండుకున్నాను. రెండు అట్టల మధ్య నింపే కార్క్ పొడి ఏడాది తిరిగేసరికి నా పాదం ఆకారానికి అణిగింది. ఆ తర్వాత ఈ బూట్లు ఇంకెవరికీ పట్టవు.

అన్నట్టు, ఈ గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీవాడు కాడు. 1870 ప్రాంతంలో ఈ కుట్టు యంత్రాన్ని తీర్చిదిద్దినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్. రబ్బరును గట్టిపరచే పద్ధతి కనిపెట్టినది ఆయన తండ్రి. ఆ తండ్రి పోయాక చాలా ఏళ్లకు, 1898లో, వేరేవాళ్లు టైర్ల కంపెనీ పెట్టి ఆయన పేరు తగిలించుకున్నారు.

దీనికి ముందు నేనొక జత కొని మోసపోయాను. అంచున చక్కటి పట్టీ, దాని మీద ముచ్చటైన తెల్ల కుట్టు. ఆరు నెలలకు పట్టీ మొత్తం తాడులా ఊడి చేతికొచ్చింది. ఆ కుట్టు దేన్నీ పట్టి ఉంచలేదు, పట్టీని అలంకారానికి జిగురుతో అంటించారంతే. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత ఇంత అక్షరాలా నిజమవుతుందని అనుకోలేదు. కొనేముందు పట్టీకీ పైతోలుకూ మధ్య సందును వేళ్లతో విడదీసి చూడండి. లోపలి కుట్టు దారం కనిపిస్తే ధైర్యంగా కొనవచ్చు.

నా పులికీ లోపాలున్నాయి. బరువెక్కువ. మొదటి నెల మెట్లు ఎక్కడమే కష్టం, అడుగు వంగదు. చేత్తో కుట్టే బూట్లలో లోపలి అట్ట తోలునే చెక్కి గట్టు చేస్తారు. వీటిలో ఆ గట్టు గుడ్డ పట్టీ, జిగురుతో అంటించినది. రెండోసారి అడుగు మార్పించినప్పుడు ఎడమ బూటులో అది ఒక చోట లేచి ఉంది.

ఇప్పుడు మూడోసారి అడుగు అరిగింది. ఈసారి వెల్టు కూడా పాత కుట్టు రంధ్రాలతో జల్లెడ అయిందని, దాన్నీ మార్చాలని బాగుచేసే పెద్దాయన చెప్పారు. సరేనన్నాను. అవి తిరిగొచ్చేదాకా పాత రబ్బరు చెప్పులే గతి. వాటి పట్టీ రాసుకుని నిన్న బొటనవేలి పక్కన వాత తేలింది.