సఫైర్ బ్లేడా, స్టీల్ బ్లేడా?

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌లో ‘సఫైర్ ఎఫ్‌యూఈ’ (ఎఫ్‌యూఈ అంటే కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతి) అని ప్యాకేజీ రేటు పెంచి చెబితే, వెంట్రుకలు తీసే పద్ధతే వేరేమో అనుకుంటాం. కాదు. తల వెనక నుంచి గ్రాఫ్టులు, అంటే ఒకటో రెండో మూడో వెంట్రుకలుండే కుదుళ్లు, తీసేది మామూలుగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు గుండ్రటి పంచ్‌తోనే. సఫైర్ (నీలమణి) బ్లేడు పని ఆ తర్వాత, బట్టతల మీద గ్రాఫ్టు కూర్చునే సన్నటి గాట్లు పెట్టడం వరకే.

స్టీలు త్వరగా మొద్దుబారుతుంది, మారుస్తూ ఉండాలి. మార్చితే ఇబ్బంది లేదు, ఖర్చూ తక్కువే. సఫైర్ పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ పెళుసు, ఖరీదు. ఒంటి వెంట్రుక గ్రాఫ్టుకీ మూడు వెంట్రుకల గ్రాఫ్టుకీ ఒకే సైజు గాటు పెడితే మాత్రం నీలమణి కూడా కాపాడదు.

నేనైతే గాట్లు పెట్టేది డాక్టరా, టెక్నీషియనా అని ముందు అడుగుతాను. స్టీలైతే, బ్లేడు ఎంతసేపటికి మారుస్తారో కూడా.