టోర్నమెంట్‌కి తయారయ్యే గో ఆటగాడికి ఓజీఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ గో అనే, నలుపు తెలుపు రాళ్ళతో ఆడే బోర్డు ఆటలో మెట్టు మెట్టుగా పైకి రావాలనుకునేవాళ్ళు ఎక్కడ ఆడాలని అడిగితే నేను మొదట చెప్పే పేరు ఓజీఎస్, అంటే ఆన్‌లైన్ గో సర్వర్. డబ్బు కట్టకుండానే ఆడుకోవచ్చు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసుకునే గొడవ లేదు. అయితే సైట్ తెరవగానే కనిపించే ‘ఇప్పుడే ఆడండి’ బటన్ కన్నా, రోజుల తరబడి సాగే కరస్పాండెన్స్ ఆటలే నాకు ఎక్కువ నేర్పాయి. టోర్నమెంట్లో నిలబడేలా చేసిందీ అవే. అందుకే ఈ రివ్యూలో సగం వాటి గురించే ఉంటుంది.

నా సంగతి కొంచెం చెప్పుకుంటాను. మాది గుంటూరు, ఇప్పుడు ఉంటున్నది న్యూజెర్సీలోని ఎడిసన్, ఉద్యోగం మన్‌హాటన్‌లో. నలభై దాటాక గో మొదలుపెట్టాను. ప్రస్తుతం నా ర్యాంకు 6 క్యూ, అంటే మధ్యరకం. వీలైనప్పుడల్లా అమెరికన్ గో అసోసియేషన్, అంటే ఏజీఏ, రేటింగ్ ఇచ్చే టోర్నమెంట్లలో ఆడుతుంటాను. డాన్ స్థాయి, అంటే పై ర్యాంకుల ఆటగాళ్ళకి ఈ సర్వర్ ఎలా ఉంటుందో వాళ్ళే చెప్పాలి. నేను చెప్పేది నాలాంటి మధ్యరకం ఆటగాళ్ళకి.

గో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బోర్డు మీద 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు ఉంటాయి. అవి కలిసే 361 చోట్లలో రాళ్ళు పెట్టుకుంటూ పోతాం. పెట్టిన రాయి కదలదు. దాని చుట్టూ ఉన్న ఖాళీలన్నీ ఎదుటివాడు మూసేస్తే బోర్డు మీంచి తీసేస్తారు. చిన్నప్పుడు పులిమేక ఆడినవాళ్ళకి ఇది తొందరగా పట్టుబడుతుంది, మేకలన్నీ చేరి పులిని కట్టేస్తాయే, అలాగన్నమాట. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్ళదే గెలుపు. కొత్తగా వచ్చినవాళ్ళు 30 క్యూ దగ్గర మొదలై ఆట బాగుపడేకొద్దీ అంకె తగ్గుతూ 1 క్యూ దాకా వస్తారు, ఆ తర్వాత 1 డాన్, 2 డాన్ అంటూ ఎక్కుతారు. ఇద్దరి మధ్య మూడు ర్యాంకుల తేడా ఉంటే తక్కువ ర్యాంకువాళ్ళకి మూడు రాళ్ళు ముందుగా ఇస్తారు, ఆట సమానమవుతుంది. నాకు ఈ ఆటలో బాగా నచ్చిన విషయం ఇదే. మా అమ్మాయితో కూడా నేను మనసు పెట్టి ఆడగలను, తనూ గెలవగలదు.

ఓజీఎస్‌లో ఖాతా తెరిచిన కొత్తలో పేరు పక్కన ర్యాంకు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు ఉంటుంది. కొన్ని ఆటలయ్యాక అసలు ర్యాంకు కనిపిస్తుంది. మొదట్లో అది ఎగుడుదిగుడుగా ఉన్నా కంగారు పడొద్దు, గ్లికో అనే రేటింగ్ లెక్క పద్ధతిలో కొత్తవాళ్ళ రేటింగ్ అలాగే వేగంగా మారుతుంది.

ఇక కరస్పాండెన్స్ ఆట. ఒక్కో ఎత్తుకి గంటలూ రోజులూ టైమ్ ఉంటుంది, ఆడినప్పుడల్లా గడియారానికి ఇంకొంత టైమ్ కలుస్తుంది. సెలవు పెట్టుకోవచ్చు, వారాంతాల్లో గడియారం ఆగేలా కూడా ఆట మొదలుపెట్టేటప్పుడే పెట్టుకోవచ్చు. నేను పొద్దున ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగేలోపు నా వంతు వచ్చిన ఆటలన్నీ తిరగేస్తాను. హడ్సన్ నది కింద సొరంగంలోకి వెళ్ళేముందు కండిషనల్ ఎత్తులు పెట్టేస్తాను. అంటే ‘అవతలివాడు ఇక్కడ పెడితే నా జవాబు ఇది, అక్కడ పెడితే అది’ అని ముందే రాసి ఉంచడం. ఈ సదుపాయాన్ని చాలామంది టైమ్ ఆదా చేసుకోవడానికే వాడతారు. నాకు మాత్రం ఇది చదవడం, అంటే రాబోయే ఎత్తుల్ని మనసులోనే ముందుగా చూడటం, నేర్పే పరికరం. రెండో జవాబు రాసేసరికి మూడోది ఏమిటన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

దానికి తోడు అనాలిసిస్ బోర్డు ఉంది. ఆట నడుస్తుండగానే మనకి మాత్రమే కనిపించేలా ఎత్తులు పెట్టి చూసుకోవచ్చు. ఏఐ సాయం తీసుకోవడం మాత్రం నిషేధం, అది సరైన నియమం.

దీని విలువ ఒక ఆటలో చూపిస్తాను. ఫిన్లాండ్ ఆటగాడితో ఆడుతున్నాను, నాది నలుపు. కుడిచేతి పై మూలలో అతని తెల్లరాయి ఒకటి నా రెండు గుంపుల మధ్య కోసుకుని కూర్చుంది. దాన్ని ల్యాడర్‌లో పట్టాలి. ల్యాడర్ అంటే పారిపోయే రాయిని ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి అటారి (ఇంకొక్క ఎత్తుతో పట్టేస్తానన్న బెదిరింపు) పెడుతూ బోర్డు మీద ఐమూలగా, మెట్లు మెట్లుగా తరుముకుపోవడం. ఆ దారిలో పారిపోయేవాడి రాయి ఒక్కటి ఎదురైతే చాలు, తరిమినవాడి గోడ అంతా చిల్లులే. అనాలిసిస్ బోర్డు మీద ఆ తరుము మొత్తం పెట్టి చూశాను. సరిగ్గా ఎడమచేతి కింద మూల స్టార్ పాయింట్ (బోర్డు మీద చుక్క గుర్తున్న చోటు) మీదున్న తెల్లరాయికి వెళ్ళి తగిలింది. పని చెయ్యదు. రెండు రోజులు దాన్ని వదిలేసి, ఇంకో పొద్దున రైల్లో మళ్ళీ తెరిచాను. అప్పుడు తట్టింది: ముందు ఆ కింద మూల మీదికే వెళ్ళాలి, నా రాయి ల్యాడర్ దారి మీద పడేలా. అలా పెట్టాక అతనికి రెండు పనులు ఒక్కసారే వచ్చాయి. పైనున్న రాయిని కాపాడుకోవాలా, కింద మూలకి జవాబివ్వాలా? అతను పై రాయిని బయటికి లాక్కున్నాడు. కింద మూలలో నాకు వరసగా రెండు ఎత్తులు దొరికాయి, మూల నాదైపోయింది. ఇలా ల్యాడర్ పనిచేసేలా చేసే రాయిని ల్యాడర్ మేకర్ అంటారు; దాని గురించి చదివి ఉన్నాను, వీడియోల్లో చూశాను. అది నా చేతికి వచ్చింది మాత్రం ఆ పొద్దునే. ఒక్కో ఎత్తుకి ముప్ఫై సెకన్ల ఆటలో అది నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

ఆట ముగియగానే కటాగో రివ్యూ వస్తుంది. డేవిడ్ వూ అనే ప్రోగ్రామర్ 2019లో బయటికి తెచ్చిన ఓపెన్ సోర్స్ ఏఐ ఇది. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో లీ సెడాల్‌ని 4-1తో ఓడించినప్పుడు అలాంటి యంత్రం ఒక పెద్ద కంపెనీ దగ్గర మాత్రమే ఉండేది. ఇవాళ అంతకన్నా తక్కువేమీ కాని బలం 6 క్యూ ఆటగాడి ఫోన్‌కి వచ్చి ‘ఈ మూడు చోట్ల నువ్వు ఎక్కువ పోగొట్టుకున్నావు’ అని చెప్తోంది. ఇది మామూలు సంగతి కాదు, నేను ప్రతిసారీ కృతజ్ఞతతోనే ఆ పేజీ తెరుస్తాను. గెలిచే అవకాశం శాతంతో పాటు ఎవరు ఎన్ని పాయింట్లు ముందున్నారో కూడా కటాగో చెప్తుంది. మనలాంటివాళ్ళకి పాయింట్ల లెక్కే ఉపయోగం. శాతాలు ఒక్క ఎత్తుకే 90 నుంచి 20కి పడిపోయి టెన్షన్ పెడతాయి, నేర్పేది తక్కువ.

పైన చెప్పిన ఆటలో ల్యాడర్ దగ్గర, ఎవరు ముందున్నారో చూపించే రివ్యూ గ్రాఫ్ కొంచెం కూడా కదల్లేదు. అంత ఆలోచించి ఆడిన ఎత్తుని కటాగో మామూలుగా ఒప్పేసుకుంది. గ్రాఫ్ కిందికి జారింది చాలా తర్వాత. అతను అంచు నుంచి రెండో గీత మీద చిన్న ఎత్తు పెడితే నేను పక్కనే జవాబిచ్చాను, అప్పటికి ఎడమవైపు అంతకు ఎన్నో రెట్లు పెద్ద చోటు ఖాళీగా ఉంది. మన స్థాయిలో ఆటలు ఎక్కువగా పోయేది ఇలాగే. భీకరంగా కొట్టుకున్న చోట కన్నా, అలవాటుగా జవాబిచ్చిన చోటే నష్టం ఎక్కువ. రివ్యూ లేకపోతే ఆ ఎత్తు వైపు నేను తిరిగి చూసేవాణ్ణి కాదు.

అయినా రివ్యూని నేరుగా తెరవొద్దని నా గట్టి సలహా. ముందు గ్రాఫ్ చూడకుండా ఆట మొత్తం ఒకసారి తిప్పి, ఎక్కడ తేడా వచ్చిందో మూడు చోట్లు మీరే గుర్తు పెట్టుకోండి. తర్వాత పోల్చుకోండి. నేరుగా తెరిస్తే కటాగో చూపించిన ఎత్తు చూసి ‘ఓహో’ అనుకుని ముందుకు వెళ్ళిపోతాం, ఎందుకో అర్థం కాదు, మర్నాడు గుర్తుండదు. త్రీ-త్రీ దాడి, అంటే ఎదుటివాడి మూలలో అంచుల నుంచి మూడో గీతలు కలిసే చోట దూరడం, ఆ సంగతే చూడండి. ఆల్ఫాగో తర్వాత ఆట మొదట్లోనే మూలలోకి దూరడం ప్రొఫెషనల్స్‌కి అలవాటైంది. వాళ్ళని చూసి 15 క్యూ ఆటగాళ్ళు కూడా ఐదో ఎత్తుకే దూరుతున్నారు. బయట ఎదుటివాడికి వచ్చే గోడని తర్వాత ఎలా తట్టుకోవాలో తెలియనప్పుడు ఆ ఎత్తు ఎంత ‘కరెక్ట్’ అయినా వాళ్ళకి నష్టమే. కొన్ని నెలలు పాత పద్ధతిలో, మూల పక్కన రాయి పెట్టి ఆడండి. ఆట బాగా అర్థమవుతుంది.

టోర్నమెంట్ విషయానికొస్తే, అక్కడ కావలసినవన్నీ ఏ సర్వరూ ఇవ్వలేదు. ఓజీఎస్‌లో ఇద్దరూ పాస్ (ఈ వంతు ఆడను) చెప్పగానే చచ్చిన, అంటే ఇక కాపాడలేని రాళ్ళని సర్వరే గుర్తు పెట్టి లెక్క చూపిస్తుంది, మనం సరే అంటే చాలు. అసలు బోర్డు ముందు ఆ పని మన చేతులతో చెయ్యాలి. ఏజీఏ నిబంధనల్లో పాస్ చెప్పిన ప్రతిసారీ ఒక రాయి ఎదుటివాళ్ళకి ఇవ్వాలి, చివరి పాస్ తెలుపుదే కావాలి, కోమి, అంటే రెండోగా ఆడేందుకు తెలుపుకి కలిపే పాయింట్లు, ఏడున్నర. పట్టుకున్న రాళ్ళని ఎదుటివాడి చోట్లో నింపి, మిగిలిన ఖాళీలని పదుల్లో సర్ది లెక్కపెట్టాలి. ఆట అయ్యాక చేసే ఈ లెక్క ఎవరికైనా వచ్చేస్తుంది. కష్టమైంది ఆట మధ్యలో, గడియారం నడుస్తుండగా, ‘నేను ముందున్నానా వెనకున్నానా’ అని తేల్చుకోవడం. ముందుంటే జాగ్రత్తగా ఆడాలి, వెనకుంటే తెగించాలి. అది తెలియనివాడికి ఎంత చదివే శక్తి ఉన్నా లాభం లేదు.

దీనికి ఓజీఎస్‌లోనే ఒక దారి ఉంది. ఆట పక్కన ఉండే చాట్‌లో, ఆట అయ్యేదాకా ప్రత్యర్థికి కనిపించని నోట్లు రాసుకోవచ్చు. కరస్పాండెన్స్ ఆటల్లో యాభయ్యో ఎత్తు, నూరో ఎత్తు, నూటయాభయ్యో ఎత్తు దగ్గర రెండు వైపులా చోటు లెక్కపెట్టి ‘నలుపు 4 ముందు’ అని రాస్తాను. ఆట అయ్యాక కటాగో పాయింట్ల గ్రాఫ్‌తో సరిచూస్తాను. మొదట్లో తేడా ఇరవై పాయింట్ల దాకా ఉండేది, ఇప్పుడు ఐదారుకి వచ్చింది. దీంతో పాటు ఒక ఆటని ఇంట్లో చెక్క బోర్డు మీద కూడా పెట్టి ఉంచుతాను, కొత్త ఎత్తు వచ్చినప్పుడల్లా రాయి పెడతాను. భోజనాల బల్ల మీద చోటంతా అదే తినేస్తుంది. మా అమ్మాయి అన్నం తింటూ ‘నాన్నా, ఇవాళ ఎవరు గెలుస్తున్నారు?’ అని అడుగుతుంది. లెక్కపెట్టి చెప్పాలి, లేకపోతే ఊరుకోదు. స్క్రీన్ మీద బోర్డంతా ఒక్క చూపులో పడుతుంది. చెక్క బోర్డు ముందు కూర్చుంటే అవతలి మూల దూరంగా, ఏటవాలుగా కనిపిస్తుంది. ఆ చూపుకి అలవాటు పడటం కూడా ప్రాక్టీసే.

ప్రిన్స్‌టన్‌లో జరిగే న్యూజెర్సీ ఓపెన్‌లో ఇది నాకు పనికొచ్చింది. ఎదురుగా ఉన్నది హైస్కూల్ కుర్రాడు, చెయ్యి పెట్టిన వెంటనే గడియారం నొక్కేసేంత వేగం. చివరి పెద్ద యోసె (హద్దులు తేల్చుకునే ఆఖరి దశ) ఎత్తులకి ముందు నా టైమ్‌లోంచి మూడు నిమిషాలు తీసి లెక్కపెట్టాను. రెండు, మూడు పాయింట్లు నేనే ముందు. మధ్యలో అతను కో (ఒకే చోట ఇద్దరూ మార్చి మార్చి రాయి పట్టుకునే పోరు) మొదలుపెడితే పోట్లాడకుండా వదిలేసి, దానికి బదులు అంచున సెంటే ఎత్తులు, అంటే ఎదుటివాడు జవాబివ్వక తప్పనివి, తీసుకున్నాను. రెండున్నర పాయింట్లతో గెలిచాను. ఆట అయ్యాక ఆ కుర్రాడే ఓపిగ్గా పక్కన కూర్చుని, తను ఎక్కడ బయటపడి ఉండొచ్చో రాళ్ళు పెట్టి చూపించాడు. ఏ రివ్యూ పేజీలోనూ దొరకని భాగం ఇది. సర్వర్ మీద ఎన్ని ఆటలు ఆడినా సరే, దగ్గర్లో క్లబ్బుంటే వారానికోసారి వెళ్ళండి.

లైవ్ ఆటల విషయంలో ఒక మాట. ప్రత్యర్థిని సర్వరే వెతికిపెట్టే ఆటోమ్యాచ్‌లో చిన్న ఆటలకి మనుషులు తేలిగ్గా దొరుకుతారు. టోర్నమెంట్ తరహాలో 45 నిమిషాల మెయిన్ టైమ్, ఆపైన 30 సెకన్ల బ్యోయోమి (ఎత్తు పెట్టడానికి ఇచ్చే అదనపు గడువు) ఐదు అంటే తెలియనివాళ్ళు అంతసేపు కూర్చోవడం అరుదు. నేను అలవాటైన ముగ్గురు నలుగురితో ముందే టైమ్ మాట్లాడుకుంటాను. ఫోన్‌లో ఆడేవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎత్తు పెట్టాక సబ్మిట్ బటన్ నొక్కితేనే వెళ్ళేలా తప్పక మార్చుకోండి. 19 గీతల బోర్డు మీద బొటనవేలు పక్క గీత మీద పడటం చాలా తేలిక. వరసగా వేగంగా ఆడటమే కావాలంటే చైనావాళ్ళ ఫాక్స్ సర్వర్‌లో జనం ఎప్పుడూ కిటకిటలాడుతుంటారు. నేను అక్కడా ఆడతాను, కానీ నా ఆట మారింది ఓజీఎస్‌లోనే.

డబ్బు కట్టాలా? కొత్తవాళ్ళకి అవసరం లేదు. 9 గీతల బోర్డు మీద మొదలుపెట్టి, పజిల్స్ విభాగంలో రోజుకి కాసేపు చావు-బతుకుల లెక్కలు (ఏ రాళ్ళు బతుకుతాయో తేల్చేవి) చేస్తూ, ఉచితంగా వచ్చే రివ్యూ చూసుకుంటే 15 క్యూ దాకా హాయిగా రావచ్చు. ఆ తర్వాత, ముఖ్యంగా టోర్నమెంట్లకి వెళ్ళే ఉద్దేశం ఉంటే, సపోర్టర్‌గా చేరండి. ప్రతి ఎత్తుకీ పూర్తి రివ్యూ వస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో కట్రెయిన్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే అదే కటాగో ఉచితంగా దొరుకుతుందనేది నిజమే, నా దగ్గరా ఉంది. అయినా నేను సపోర్టర్‌గానే ఉన్నాను. డబ్బు కట్టలేని పిల్లలు కూడా ఆడుకునేలా ఈ సైట్ నడవాలంటే ఎవరో ఒకరు కట్టాలి. కట్టగలిగినవాళ్ళు కట్టండి.