నెల్లూరు ఎండల్లో కోట్ ద్యు రోన్ రెడ్ వైన్: ఆరేళ్ల అనుభవం

మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఏటా సెలవులకు నెల్లూరు వచ్చేటప్పుడు, సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే రెండు లీటర్ల మద్యం పరిమితిలో, 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తెస్తాడు. అవి ఎప్పుడూ కోట్ ద్యు రోన్ రెడ్ వైన్లే. పేరుకు వైన్ షాపులే గానీ మన ఊళ్లలో వాటిలో మంచి వైన్ దొరకడం అరుదు కనుక, పోల్చి చూసుకోవడానికి నాకు మరొకటి లేదన్న లోపాన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

లియోన్‌కు దక్షిణంగా రోన్ నది వెంట పండే ద్రాక్షతో చేసే ఈ వైన్‌కు 1937లో ప్రాంతీయ గుర్తింపు లభించింది. ఇందులో సాధారణంగా గ్రెనాష్ అనే రకం ద్రాక్ష వాటా ఎక్కువ. అది ఎండకు ఓర్చుకుని చక్కెర బాగా పట్టే ద్రాక్ష కాబట్టి మద్యం శాతాన్ని పెంచుతుంది. మేము తాగిన సీసాల మీద 14 శాతమని ఉండేది. అయితే గ్రెనాష్ రంగు పలుచన. ఆ లోటును సిరా ద్రాక్ష తీర్చి, పైగా మిరియాల ఘాటును తెస్తుంది. ఆలస్యంగా పండే మూర్వెద్ర ద్రాక్ష వగరునిస్తుంది. ఉత్తరం నుంచి వీచే మిస్ట్రాల్ అనే చల్లని పొడిగాలి తోటల్లో తడిని ఆరబెట్టి బూజు పట్టనివ్వదట. మన వడగాలి చేసే పని మాత్రం వేరు.

దాన్ని నేను నష్టపోయి తెలుసుకున్నాను. రెండో ఏడు ఒక సీసాను బీరువా మీద పెట్టి వేసవంతా మరచిపోయాను. జూన్‌లో దించి చూస్తే బిరడా అర సెంటీమీటరు పైకి లేచి ఉంది, లేబులు మీదుగా జిగురు చార ఒకటి కారి ఎండిపోయింది. తాగితే ఉడకబెట్టిన ఎండుద్రాక్ష నీళ్లలా ఉంది. తప్పు నాదే. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న సలహా చలిదేశపు గదులకు చెప్పినది. దీనికి 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతాయి. మేలో మా హాల్లో సాయంత్రం కూడా 35 డిగ్రీలు ఉంటుంది. అందుకే ఇప్పుడు సీసాను ఫ్రిజ్‌లోనే దాచి, తాగడానికి అరగంట ముందు బయట పెడుతున్నాను. వేడెక్కితే మద్యం ముక్కుకు కొడుతుంది, మరీ చల్లబడితే వగరు ఒక్కటే నాలుకకు అంటుతుంది.

భోజనం విషయానికొస్తే, మొదట అందరూ ఆశపడేది మామిడికాయ ముక్కలు వేసిన మా నెల్లూరు చేపల పులుసుతో. అది కుదరలేదు. రెడ్ వైన్‌లోని ఇనుము చేపతో కలిసి నీచు రుచిని పుట్టిస్తుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. దానికి తోడు మన కారం మీద 14 శాతం మద్యం పడితే గొంతులో మంట రెట్టింపవుతుంది. చేపల పులుసుకు మజ్జిగే మేలని మా ఆవిడ మొదటి రోజే అన్నది. పొట్టేలు మాంసాన్ని ఎండుమిర్చి తగ్గించి, మిరియాలు దంచి వేసి వేపితే మాత్రం జోడీ అద్భుతంగా కుదిరింది. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే సిరా ద్రాక్ష తొక్కలోనూ ఉంటుందని చదివాక కారణం బోధపడింది. కొవ్వున్న ముక్క మూర్వెద్ర వగరును మెత్తబరుస్తుంది. చింతపండు లేని నాటుకోడి వేపుడు కూడా ఫరవాలేదు. మలైకాజా తిన్న నోటితో తాగితే మాత్రం వైన్ పుల్లటి నీళ్లే.

గ్రెనాష్‌కు గాలి తగిలితే త్వరగా పాడయ్యే గుణం ఉంది. మిగిలిన సగం సీసా, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా, మూడో రోజుకు వాసన కోల్పోతుంది. మా ఇంట్లో దాన్ని పారబోయరు. ఆదివారం మాంసం ఉడికేటప్పుడు గిన్నెలోకి వెళ్తుంది.